నాలుగు స్పీకర్ల గది

స్పీకర్లను పాడించే ఆ రిసీవరు మా ఇంటికి వచ్చినప్పుడు పాపకు తొమ్మిదో నెల. ఈ లెక్క నేను వేళ్ల మీద ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పలేను. తొమ్మిదో నెలలో రిసీవరు వచ్చింది. ఎనిమిదో నెలలో నేను ఆళ్లగడ్డలో స్టీలు తట్ట మీద గరిటెతో కొట్టి చూసుకున్నాను. ఆ తట్ట సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండున్నరేళ్లు చెప్పలేదు.

మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. మా వైపు ఇది వింత కాదు. పుట్టినప్పటి నుంచి మామా అని పిలిచాను, పెళ్లయ్యాక కూడా మామా అనే పిలుస్తున్నాను. అతను నన్ను చిన్నప్పుడు పిలిచినట్టే అమ్మీ అంటాడు. అత్తగారంటే మా అవ్వే. ఆళ్లగడ్డలో అమ్మ ఇల్లు, నంద్యాలలో అవ్వ ఇల్లు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి బస్సులో పోయి రావడమే నా పెళ్లి.

కర్నూలులో నేను బీఎస్సీ చదివాను. జన్యువుల పాఠం చెప్పే రోజు మా జువాలజీ మేడం "మీలో మేనమామను చేసుకునేవాళ్లు ఎంతమంది?" అని అడిగింది. నవ్వుకుంటూ చాలామంది చేతులెత్తాము. ఆమె నవ్వలేదు. బోర్డు మీద గళ్లు గీసి, అందరికీ అవుతుందని కాదు, కొందరికి అవుతుంది అని చెప్పి, ఆ కొందరి పిల్లలకు వచ్చేవన్నీ వరసగా రాసింది. చెవులు రెండో వరసలో ఉన్నాయి. నేను నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. నాలుగు నెలలకు నా పెళ్లయింది.

కాన్పుకు ఆళ్లగడ్డ వెళ్లాను. ఐదో నెలలో బిడ్డతో తిరిగి రావాల్సింది, ఎండలు తగ్గనీ అని అవ్వే కబురు పంపింది. ఆ ఎండల్లో ఒకరోజు పొద్దున పక్కింటి పెళ్లికొడుకు ఊరేగింపు మా గుమ్మం ముందు ఆగింది. పలకలు కొడుతున్నారు. మా అరుగు పక్కనే టపాకాయల సరం వెలిగించారు. వీధిలో ఉన్న చంటిపిల్లలంతా ఒక్కసారిగా గుక్కపట్టారు. మా పాప చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కనురెప్ప కూడా కదల్లేదు.

"చూడు మే, దేవుడిచ్చిన నిద్ర" అంది అమ్మ. "అందరి కండ్లూ దీని మీదే ఉండాయి. సాయంత్రం దిష్టి తీస్తాను."

అమ్మ సాయంత్రం దిష్టి తీసింది. నాకు మాత్రం ఆ రోజంతా బోర్డు మీద రెండో వరసే కళ్ల ముందు కదిలింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పిండి పట్టించేకి పోయింది. పాపను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. వెనక నిలబడి తట్ట మీద గరిటెతో కొట్టాను. పాప తన కాలి బొటనవేలు పట్టుకుని ఆడుకుంటోంది. ఇంకా గట్టిగా కొట్టాను. మూడోసారి కొట్టాను. నాలుగోసారి ఒక అడుగు ముందుకు వేసి కొట్టాను. పాప వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

విన్నది అనుకుని ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక చూస్తే, నా నీడ ఎదురుగా గోడ మీద పడి ఉంది.

తట్ట కడిగి బోర్లించాను. అమ్మ వచ్చాక పిండి జల్లించాను. చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే. చెబితే ఈ పెళ్లి కుదిర్చిన అమ్మ, అవ్వ, నవ్వుతూ చేయెత్తిన నేను, అందరం దోషులమవుతాం. ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకున్నాను.

మామకు నంద్యాల బజార్లో చిన్న అంగడి. రేడియోలు బాగుచేస్తాడు, పాటలు క్యాసెట్లలో ఎక్కించి ఇస్తాడు. జనం కాగితం మీద పాటల జాబితా రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చిపోతారు, వారానికి వచ్చి తీసుకుపోతారు. జాబితాలో ఏ పాట పక్కన ఏ పాట ఉండకూడదో తనకే తెలుసన్నట్టు క్రమం మార్చి ఎక్కించేవాడు. ఒకరిద్దరు గొడవపడ్డారు గానీ, మళ్లీ అతని దగ్గరికే వచ్చారు.

రాయచోటి వైపు నుంచి కువైట్ పోయి వచ్చినతను ఒకడు తన సామానంతా అమ్మేస్తున్నాడని తెలిసి, మామ బస్సెక్కి పోయి ఆ రిసీవరు తెచ్చాడు. దాంతో పాటు నాలుగు స్పీకర్లు, ఒక వీసీఆర్. నేను పాపతో నంద్యాల వచ్చి నాలుగు రోజులయింది. జీపులోంచి పెట్టెలు దించుతుంటే అవ్వ గుమ్మంలో నిలబడి "ఇంత పెద్ద రేడియో ఎవరికి రా, రాజుగారికా?" అంది.

వెండి రంగు ముఖం, పెద్ద మీటలు, పచ్చని దీపం వెనక ఊగే ముల్లు. దాంతో వచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషులో ఉంది. మామ ఇంటరు దాకానే చదివాడు. నేను చదివి తెలుగులో చెబుతుంటే, చంకలో వైరు చుట్ట పెట్టుకుని బడిపిల్లోడిలా విన్నాడు. రెండు స్పీకర్లు ముందర, రెండు వెనకాల పెట్టాలి. వెనక వాటికి శబ్దం రవంత ఆలస్యంగా పోతుంది, అందుకని పెద్ద హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. వినేవాళ్లు నాలుగింటికీ సమాన దూరంలో, నడిమధ్య కూర్చోవాలి. మామ తాడుతో కొలిచి, నాపబండల మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ చాప పరిచాడు.

"కండ్లు మూసుకో అమ్మీ. ఇప్పుడు చెప్పు, వీణ యాడుంది?"

"ముందర."

"ఆ గుంపు పాడేది?"

"చుట్టూ ఉన్నారు మామా."

"అదీ!" అని తొడ మీద చరుచుకున్నాడు. అంత సంతోషం మా పెళ్లిలో కూడా అతని ముఖంలో చూడలేదు.

మొదటి ఆదివారం అద్దెకు క్యాసెట్టు తెచ్చి సినిమా వేశాడు. సినిమాలో ఎవరో తలుపు దబదబ బాదారు. వెనక స్పీకర్లలో కూడా ఆ చప్పుడు వచ్చేసరికి అవ్వ లేచి పోయి వీధి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు.

"నవ్వండి నవ్వండి" అంది అవ్వ. "దొంగోడు వచ్చినపొద్దు కూడా సినిమా అనుకుని కూచోండి. అప్పుడు తెలుస్తాది."

ఆ నవ్వుల్లోనే సినిమాలో పాట మొదలైంది, పాప చాప దిగి పాక్కుంటూ పోయింది. ఎడమ వైపు వెనక స్పీకరు దగ్గర ఆగి, దాని గుడ్డ మీద అరచేయి ఆనించింది. ఒక్క క్షణం కదలకుండా ఉంది. తర్వాత ఒళ్లంతా ఊగిపోయేటట్టు నవ్వింది. పాట అయిపోగానే చేయి తీసి మామ వైపు చూసింది. ఇంకో పాట రాగానే మళ్లీ చేయి పెట్టింది.

"నా కూతురు!" అన్నాడు మామ. "చూసినావా అమ్మీ? పాట ఆగితే తెలుస్తాంది, వస్తే తెలుస్తాంది."

నేను లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. తట్ట మీద గరిటె చప్పుడు నచ్చలేదేమో, సంగీతమైతే వింటుందేమో అనుకున్నాను. బీఎస్సీ చదివిన నేను అలా అనుకున్నాను. ఆ సోమవారం మహానందికి పోయి టెంకాయ కొట్టి వచ్చాను. ఎందుకు మొక్కుకున్నావని అవ్వ అడిగితే ఊరికే అన్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నర మా ఇంట్లో పాపది పాటల పిచ్చి అని పేరు. పొద్దున లేస్తూనే స్పీకరు దగ్గరికి పోయేది. దానికి వీపు ఆనించి కూర్చుని అన్నం తినేది. డోలు, మృదంగం ఉన్న పాటలైతే పిడికిళ్లు బిగించి ఎగిరేది. మామ ఆమె కోసమే బరువు శబ్దాలు పెంచే మీట తిప్పి పెట్టేవాడు. నాపబండల మీద ఆ అదురు నా పాదాలకు కూడా తెలిసేది. అంగడికి వచ్చినవాళ్లతో "మా పాపకు ఏ పాట పెట్టాల్నో అదే చెప్తాది" అని చెప్పుకునేవాడు. పక్కింటామె "అప్పుడే సంగీతం మేష్టర్ని చూసి పెట్టుకోండి" అనేది. వెనకనుంచి పిలిస్తే పాప పలకదు. పాటలో మునిగింది అనేవాళ్లు. పాట లేనప్పుడు పిలిచినా పలకదు. పాట ఇంకా చెవుల్లోనే ఉంది అనేవాళ్లు. ఆ మాట మొదట అన్నది నేనే.

ఏడాది దాటింది, ఏడాదిన్నర దాటింది. మాటలు రాలేదు. అవ్వ వసకొమ్ము అరగదీసి తేనెలో రంగరించి నాలుకకు రాసింది. "మీ మామ కూడా మూడేండ్లకు గానీ నోరు తెరవల్యా. తెరిచినాంక మూయల్యా" అంది.

ఒకరోజు మధ్యాహ్నం మామ అన్నం తింటుంటే అడిగాను.

"మామా, పాపను ఒకసారి కర్నూల్లో చెవి డాక్టరుకు చూపిద్దామా?"

"చెవికేమైంది?"

"మాటలు రాలేదు కదా."

అతను నవ్వాడు. "పాట పెడితే ఎగిరే పిల్లకు చెవుడు ఎట్లుంటాది అమ్మీ? నీ చదువు నిన్ను కూచోనీదు, పండుకోనీదు. ఇంకొంచెం చారు పొయ్యి."

అప్పుడే తట్ట సంగతి చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చారు పోశాను.

పాపకు రెండేళ్ల మూడు నెలలప్పుడు తెలిసింది. ఆదివారం పొద్దున, ఇరుగుపొరుగు ఆరేడుగురు సినిమా చూస్తున్నారు. పాప మామూలుగా వెనక స్పీకరుకు ఆనుకుని కూర్చుంది. మంచి పాట జోరుగా సాగుతోంది. వెనక స్పీకర్లలో ఏదో గుర్రుమని చప్పుడు మొదలైతే, మామ లేచి మీట తిప్పి వెనక రెంటినీ ఆపేశాడు. ముందువి ఇంకా గట్టిగానే మోగుతున్నాయి.

పాప ఒక్కసారిగా లేచి నిలబడింది. స్పీకరును రెండు చేతులతో బాదింది. ఏడుస్తూ మామ వైపు చూసి రెండు చేతులూ తిప్పింది. పోయింది అని అర్థం.

"యాడికి పోయిందే, పాడతాంది కదా. అటు చూడు" అని మామ నవ్వాడు.

పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. గది పట్టనంత పాట. ఆ పాటలో నిలబడి పాట పోయిందని ఏడుస్తోంది. మామ నవ్వు ఆగిపోయింది. మీట తిప్పి వెనకవి వేశాడు. పాప స్పీకరును తడిమి చూసి, కన్నీళ్లతోనే కూర్చుంది. ఆపాడు. లేచి ఏడ్చింది. వేశాడు. కూర్చుంది.

"ఏందప్పా, సినిమా ఏసి నువ్వు మీటతో ఆడుకుంటాండావ్?" అని ఎవరో విసుక్కున్నారు.

మామ టీవీ, రిసీవరు అన్నీ ఆపేశాడు. పాప వెనకకు పోయి నిలబడి చప్పట్లు కొట్టాడు. అంగడి తాళాలగుత్తి తీసి చెవి పక్కన ఆడించాడు. ఇత్తడి బిందె మీద పిడికిలితో గుద్దాడు. నేను వంటింటి గడపలో నిలబడి తల వంచుకున్నాను. చూడాల్సిన అవసరం నాకు లేదు. పొరుగువాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

కర్నూలులో చెవి డాక్టరు చాలాసేపు చూశాడు. దాదాపు వినబడదన్నాడు. లోపలి నరం సంగతి, ఆపరేషను లేదు, మందు లేదు. దగ్గరి సంబంధమా అని అడిగాడు. మేనమామ అని చెప్పాము. అయ్యుండొచ్చు అన్నాడు. జ్వరాలేమైనా వచ్చాయా అని అడిగాడు. వచ్చాయన్నాను. వాటివల్ల కూడా అయ్యుండొచ్చు అన్నాడు. పుట్టుకతోనే ఉందా, తర్వాత వచ్చిందా అనేది ఇప్పుడు చెప్పలేమన్నాడు.

"ఏడాది వయసులో తెచ్చింటే మిషను పెట్టి మాటలు నేర్పడం తేలికయ్యేది. చాలా టైము పోగొట్టారు."

మామ నిలబడే ఉన్నాడు. "సార్, గట్టి సౌండు వల్ల వస్తాదా ఇది?"

"ఎంత సౌండు?"

మామ చెప్పాడు. నాలుగు స్పీకర్లు, రోజూ, ఎన్ని గంటలు, ఎంత దగ్గర, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. డాక్టరు చీటీ రాస్తూనే "చంటిపిల్లలున్న ఇంట్లో అట్లాంటివి పెడతారా ఎవరైనా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. మామకు అది చాలు.

నంద్యాలలో బస్సు దిగి మామ మా కన్నా ముందు నడిచాడు. ఇంట్లో అడుగుపెట్టగానే రిసీవరు వైర్లు ఒక్కొక్కటే పీకి, పాత దుప్పటి కప్పాడు. పాప దుప్పటి లాగి స్పీకరు దగ్గర కూర్చుంది. అతను ఆమెను ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయాడు.

అవ్వ ఆ రోజే తీర్పు చెప్పింది. "ఆ దయ్యం డబ్బా తెచ్చి నా మనవరాలి చెవులు పోగొట్టినాడు." ఆళ్లగడ్డలో అమ్మ కూడా అదే మాట. చుట్టాలు వచ్చి పరామర్శించి, దుప్పటి కప్పిన రిసీవరు వైపు చూసి నిట్టూర్చి పోయేవాళ్లు. మేనరికం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అందరం ఆ పెళ్లికి పోయి భోజనం చేసినవాళ్లమే. నిందంతా మోసేకి ఒక డబ్బా దొరికింది, దాన్ని తెచ్చిన మనిషి దొరికాడు. అతను కాదనలేదు. నేనూ కాదనలేదు.

బండి ఆత్మకూరు నుంచి ఒకతను వచ్చి రిసీవరు, స్పీకర్లు అన్నీ కొనుక్కుపోయాడు. ఆ రోజు పాపను నేను పొరుగింట్లో ఉంచాను. వచ్చాక గదంతా వెతికింది. వారం రోజులు వెతికింది.

హైదరాబాదులో చెవి మిషను కొన్నాము. గుండెల మీద చిన్న సంచిలో డబ్బా, దాన్నుంచి చెవికి వైరు. మాటలు నేర్పే ఆమె మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. రోజంతా మాట్లాడండి, ముఖం కనబడాలి, జానెడు దూరం నుంచి గట్టిగా మాట్లాడండి. "పాపకు బరువు శబ్దాలే కొంచెం అందుతున్నాయి. అమ్మ సన్నగొంతు కన్నా నాన్నగారి గొంతు ముందు అందుతుంది. మీరే ఎక్కువ మాట్లాడాలి" అని మామతో అంది.

మామ తలూపాడు. ఇంటికొచ్చాక మాట్లాడలేకపోయాడు. పాటలు లేకుండా నోరాడని మనిషి కూనిరాగం మానేశాడు. అంగడిలో రేడియో పరీక్షించాలన్నా శబ్దం బాగా తగ్గించి చెవి ఆనించేవాడు. క్యాసెట్లు ఎక్కించడం మానేశాడు. జాబితాలు తెచ్చినవాళ్లను పక్క అంగడికి పొమ్మనేవాడు. ఇంట్లో అందరితోనూ గుసగుసగానే మాట్లాడేవాడు. పాప ముందు కూర్చుని "నీళ్లు" అనేవాడు, ఆ మాట నాకే వినపడేది కాదు.

"గట్టిగా మామా."

"అంటాండా కదా."

"పాపకు అందదు."

"ఉన్న రవంత కూడా పోతే?" అని లేచిపోయేవాడు.

రోడ్డు మీద లారీ హారను కొట్టినా, కుక్కరు కూత వేసినా, ఉరికి వచ్చి పాప సంచిలో చేయిపెట్టి మిషను ఆపేసేవాడు. తిరిగి వేయడం మరిచిపోయేవాడు. పాపకు వినపడే ఒక్క గొంతు ఆ ఇంట్లో లేకుండా పోయింది. మూడేళ్లు నిండాయి. నేను ఎంత అరిచినా ఆమె నా పెదాలు చూసి నవ్వేది, అంతే. ఇంకొక ఏడాది పోతోందని నాకు తెలుసు. మొదటి ఏడాది ఎవరి వల్ల పోయిందో కూడా నాకే తెలుసు.

కిందటి నెల ఆళ్లగడ్డలో అమ్మను చూసి తిరిగి వస్తున్నాము. బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాము. వెనక షెడ్లో శిల్పులు నల్లరాయి చెక్కుతున్నారు. ఉలి మీద పెద్ద సుత్తి దెబ్బలు దభీదభీమని పడుతున్నాయి. పాప అటు తిరగలేదు గానీ, సంచి మీద చేయి పెట్టుకుని నుదురు ముడిచింది. ఏదో అందింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె ముఖం చూస్తున్నాను. మామ వంగి మిషను ఆపేశాడు.

"తీయొద్దు మామా. వినపడతాంది దానికి."

"సుత్తి దెబ్బలు అమ్మీ. ఒకసారి చేసిన పాపం చాలు."

"నువ్వు చేయలేదు."

"ఊరుకో."

"నువ్వు చేయలేదు మామా. నీ డబ్బా రాకముందే పాపకు వినపడదు. నేను చూసినా."

అతను నా వైపు తిరిగాడు. చెప్పేశాను. ఊరేగింపు, తట్ట, గరిటె, గోడ మీద నీడ. కాలేజీలో బోర్డు మీద రాసిన వరస కూడా చెప్పాను. చెబుతుంటే బస్సు వచ్చింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, పోయింది. మేము ఎక్కలేదు.

"ఎన్నో నెలలో?" అన్నాడు.

"ఎనిమిది."

"మా అమ్మకు తెలుసా?"

"తెలీదు."

"అక్కకు?"

"ఎవ్వరికీ చెప్పల్యా."

"నేను దాని ముందర కూచోబెట్టి పాటలు పెడ్తాంటే చూస్తాంటివి."

"నిజంగానే వింటాందనుకుంటి మామా."

"ఆపొద్దు కర్నూల్లో, ఆ డాక్టరు ముందర, నేను అడిగితి కదా. సౌండు వల్లనా అని. నువ్వు పక్కనే ఉంటివి."

"ఉన్నా."

"అప్పుడన్నా చెప్పేకి ఏమైంది నీకు?"

భయమేసింది అన్నాను. అతను రోడ్డు వైపు తిరిగాడు. ముఖంలో కోపం కనిపించి ఉంటే నాకు తేలికయ్యేది. తర్వాతి బస్సు వచ్చింది. పాపను ఎత్తుకుని ఎక్కి, ముందు ఒక సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. సగం దారిలో అతని చేయి పాప సంచిలోకి పోవడం చూశాను. మిషను మళ్లీ వేశాడు.

మూడు రోజులు ఇంట్లో అతని గొంతు లేదు. నాలుగో రోజు పొద్దున పది గంటలకు నేను పెరట్లో గుడ్డలు ఉతుకుతున్నాను. ముందుగదిలోంచి ఒక అరుపు వినపడింది. చేతిలో గుడ్డ వదిలేసి పరుగెత్తాను. మామ కింద కూర్చుని ఉన్నాడు. పాప ఎదురుగా ఉంది. మధ్యలో గ్లాసు.

"నీళ్లు!" అని అరిచాడు. గొంతు బొంగురుపోయి మధ్యలో విరిగింది. ఏడాదిగా వాడని గొంతు. దగ్గి మళ్లీ అరిచాడు. "నీళ్లు! పాపా, నీళ్లు!"

పెరటి వాకిట్లోంచి అవ్వ వచ్చింది. "ఏమొచ్చిందిరా నీకు? ఊరంతా వినపడాల్నా?"

"దీనికి వినపడాల" అన్నాడు. అని, నా వైపు చూడకుండానే అవ్వతో చెప్పాడు. "అమ్మా, డబ్బాను అనొద్దు ఇంక. పుట్టుకతోనే ఉండాది. మనం చేసుకున్న సంబంధం వల్ల వచ్చింది. చదువుకున్నోళ్లకు తెలుసు."

అవ్వ గోడ పట్టుకుని కూర్చుంది. నేను తట్ట సంగతి కూడా ఆమెకు చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. ఈ రోజుకీ చెప్పలేదు.

పాప గ్లాసు వైపు, అతని నోటి వైపు మార్చి మార్చి చూసింది. మాట రాలేదు. గ్లాసు తీసుకుని తాగింది. అతను ఖాళీ గ్లాసు నింపుకొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇప్పుడు రోజూ అంగడికి పోయే ముందు ఒక గంట, వచ్చాక ఒక గంట అరుస్తాడు. పాలు, చెప్పు, ఆవు, రా, పో. వీధిలోవాళ్లు మొదట నవ్వారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. నెల అయింది. పాప ఇంకా ఒక్క మాట అనలేదు. అతని గొంతు వచ్చినప్పుడు మాత్రం చేస్తున్న పని ఆపుతుంది. మాటలు నేర్పే ఆమెకు ఉత్తరం రాస్తే, అది మంచి గుర్తు, మానొద్దు అని జవాబు రాసింది. ఎంత కాలం పడుతుందో రాయలేదు.

రాత్రి పాపకు దీపం ఉండాలి. చీకటైతే మా ముఖాలు కనపడవు, ఏడుస్తుంది. ఆ దీపం కిందే ఇది రాస్తున్నాను.

మామ నాతో మాట్లాడతాడు. అన్నం పెట్టు, తాళం యాడుంది, పాప మిషను బ్యాటరీ అయిపోయింది. అమ్మీ అనడం మాత్రం మానేశాడు. పిలవాల్సి వస్తే దగ్గరికొచ్చి చెబుతాడు. పగలంతా అరిచిన గొంతు సాయంత్రానికి జీరపోతుంది, మిరియాల పాలు కాచి ఇస్తాను, తాగుతాడు. క్షమించావా అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది అతనికి. అడగను. ఆ గొంతు ఎంత మిగిలితే అంతా ఇప్పుడు పాపకు కావాలి.